కండ్లు గీకిన పటం

అమృతమ్మకు సులువుగా చేతికొచ్చిన సరుకంటే భయం. బేరమాడి, విసిగించి, లేచిపోయి, మళ్లీ పిలిపించుకుని కొన్న సరుకైతే దాని గుణం తనకు తెలుస్తుంది. అమ్మేవాళ్లు మారుమాట లేకుండా చేతిలో పెడితే మాత్రం, అందులో ఎక్కడో పుచ్చు ఉందని ఆమె మనసు పీకుతూనే ఉంటుంది. అందుకే లిదియా పాత క్యాలెండర్ల కట్ట తెచ్చి దుకాణం బల్ల మీద పెట్టి "నీకు తోచింది ఇయ్యక్కా" అన్నప్పుడు, అమృతమ్మ ముందుగా కట్టను చూడలేదు, లిదియా మొహం చూసింది.

లిదియా కంగ్టి రోడ్డు మీది మిషన్ దవాఖానలో నర్సుగా చేసింది. దాన్ని నడిపిన జర్మనీ సిస్టరమ్మ ముసలిదై తన దేశం వెళ్లిపోయాక దవాఖాన మూతబడింది. ఏటేటా ఆ దేశం నుంచి పార్శిల్లో వచ్చిన క్యాలెండర్లు బీరువా మీద పేరుకుపోయాయట. ఇప్పుడు ఆ గది ఖాళీ చేయాలి, కాల్చేయడానికి చేతులు రావడం లేదు, అందుకని తెచ్చానంది. మాటలో తేడా ఏమీ కనిపించలేదు. అయినా అమృతమ్మ ఆమె వెళ్లేదాకా కట్ట విప్పలేదు.

నారాయణఖేడ్ బజారులో ఆమెది పూజ సామాను దుకాణం. పసుపు, కుంకుమ, ఊదుబత్తీలు ముందు వరుసలో ఉంటే, వెనుక గోడ నిండా దేవుళ్ల పటాలు ఉంటాయి. భర్త పొలం చూసుకునేవాడు, దుకాణం పూర్తిగా ఆమెదే. క్యాలెండర్లు కొన్నది నిజానికి పటాల వెనుక అట్ట కింద వాడుకుందామని. మందపాటి కాగితం, నున్నగా ఉంది, చెద పట్టదు. తీరా విప్పి చూస్తే లోపల బంగారం మెరిసింది.

ఒక్కో కాగితం మీద ఒక్కో మనిషి. వెనుక గోడంతా బంగారు రేకు పరిచినట్టు పసుపు వెలుగు. తలల చుట్టూ పళ్లేలంత వెలుగు చక్రాలు. బట్టలు మాత్రం గంజి పెట్టి, ఆరకముందే నలిపి పడేసినట్టు మడతలు మడతలు. ఒకామె అరచేతిలో చిన్న బురుజు పట్టుకుని ఉంది. ఒకామె పక్కన విరిగిన బండి చక్రం, చేతిలో కత్తి. ఇంకొకామె పటకారుతో ఒక పన్నును పట్టుకుని, సంతలో చిక్కుడుకాయ చూపించినట్టు చూపిస్తోంది. ఒకాయన ఒంటి నిండా బాణాలు గుచ్చుకున్నా, ఎవరికో గుచ్చుకున్నట్టు నిమ్మళంగా నిలబడ్డాడు. మరొకామె కాళ్ల కింద మొసలి లాంటి జంతువు నోరు తెరుచుకుని పడుంది.

కొనేవాడు మొదట రంగు చూస్తాడు. తర్వాత చేతిలో ఏముందో, కాళ్ల కింద ఏ జంతువుందో చూస్తాడు. మొహం ఇంటికి పోయాకే చూస్తాడు. ఇన్నేళ్లు పటాలమ్మి అమృతమ్మ తేల్చుకున్న లెక్క అది, తానూ అలాగే చూసింది. ఆ లెక్కన చూస్తే ఈ సరుకు అట్ట కింద దాచాల్సింది కాదు, అద్దం వెనుక పెట్టాల్సింది. ఈ దేవతలెవరో ఆమెకు తెలియదు. కొనేవాళ్లు అడిగితే చూద్దాం, అడగకపోతే ఇంకా మంచిది అనుకుంది.

మొదటి బేరం నాగల్‌గిద్ద హన్మయ్యది. కంది గింజల వ్యాపారంలో నాలుగు రాళ్లు వెనకేసుకుని ఖేడ్‌లో కొత్తగా, రైతుల పంట కమీషన్‌కు అమ్మిపెట్టే అడ్తి దుకాణం తెరుస్తున్నాడు. గద్దె వెనుక పెట్టుకోవడానికి పటం కావాలని వచ్చి, మొసలి మీది అమ్మ దగ్గర ఆగిపోయాడు. దుకాణం లోపల వెలుతురు తక్కువ. ఆ తక్కువ వెలుతురులో బంగారం ఇంకా బాగా మెరుస్తుంది.

"గీ అమ్మ ఎవరు?"

"అమ్మనే. ఎట్ల తొక్కి పట్టిందో చూడు దాన్ని."

హన్మయ్య చూశాడు. తనకు పోటీగా ఉన్న అడ్తివాళ్లలో ఎవరి మొహం ఆ మొసలిలో కనిపించిందో గాని, చాలా తృప్తిగా చూశాడు. దుకాణం తెరిచే రోజుకు మంచి ఫ్రేములో కట్టించి ఇవ్వమన్నాడు. అమృతమ్మ తాను అబద్ధం ఆడలేదనే అనుకుంది.

పటాలు కట్టేది ఫకీర్ మియా. బజారు వెనుక సందులో ఇల్లు, ఇంటి ముందు గదిలోనే పని. అమృతమ్మ దుకాణం పెట్టిన నాటి నుంచి ఆమె పటాలన్నీ అతని చేతి మీదుగానే వెళ్లాయి. కాగితం పంపితే అద్దం, పట్టీలు, అట్ట బిగించి, వెనుక గోధుమరంగు కాగితం అంటించి పంపేవాడు. ఎప్పుడూ లెక్క చూసుకోవలసిన పని పడలేదు. ఆమె ఎన్ని పంపిందో అతను అడగడు, ఎన్ని వచ్చాయో ఆమె చూసుకోదు. బోరంచ నల్లపోచమ్మ జాతర ముందు ఆమె ఇచ్చే పనే అతనికి ఏడాది తిండిలో పెద్ద భాగం.

హన్మయ్య పటం కూడా అలాగే పాత పేపరు చుట్టుకుని వచ్చింది. అతను తీసుకుపోవడానికి వచ్చింది పొద్దున పూట. చుట్టు విప్పి గడప దగ్గర ఆనించాడు. ఎండ నేరుగా దాని మీద పడింది. వంగి చూసిన మనిషి అలాగే వంగి ఉండిపోయాడు.

"అమృతమ్మా, గీ కండ్లేంది?"

ఆమె వచ్చి చూసింది. మొసలి మీది అమ్మకు కళ్లు లేవు. ఉండవలసిన చోట రెండింటి మీదా అడ్డంగా, నిలువుగా, పదునైన దానితో మళ్లీ మళ్లీ గీకిన గీతలు. రంగు లేచిపోయి అడుగున తెలుపు కనిపిస్తోంది. మిగతా మొహం మీద చిన్న గాటు కూడా లేదు.

కళ్లు చెడిన బొమ్మను ఇంట్లో పెట్టుకునేవాళ్లు ఈ చుట్టుపక్కల ఎవరూ లేరు. అమ్మవారికి బొమ్మ చెక్కినా, గోడ మీద రంగులు వేసినా కళ్లు చివరికే పెడతారు. కళ్లు పెట్టాకే అది అమ్మవారు. వాటిని గీకడమంటే ఏమిటో ఎవరూ ఎవరికీ చెప్పనక్కరలేదు.

"ఎవరు కట్టిన్రు దీన్ని?" అన్నాడు హన్మయ్య.

"ఫకీర్ మియా."

అడిగినదానికి జవాబు అంతే. ఆమె అంతకు మించి ఒక్క మాట అనలేదు, అతనూ అనలేదు. తల మాత్రం నెమ్మదిగా ఆడించి, పటాన్ని అక్కడే వదిలేసి వెళ్లిపోయాడు. హైదరాబాదులో మతాల గొడవలై కర్ఫ్యూ పెట్టారని రేడియో పొద్దుటా సాయంత్రం చెబుతున్న రోజులు. ఆ తల ఆడింపులో ఏముందో అమృతమ్మకు తెలియకపోలేదు. మధ్యాహ్నానికి ఆమె దగ్గర కుంకుమ కొనడానికి వచ్చిన ఆడవాళ్లు కుంకుమ సంగతి అడగకుండా పటం ఏదని అడిగారు.

ఆ రోజంతా ఆమె గల్లా దగ్గర కూర్చుని తూకం వేసింది. అద్దం కోసే వజ్రపు కలం చెయ్యి జారి గీసుకుపోయి ఉంటుందా? జారితే ఒక గీత పడుతుంది. రెండు కళ్ల మీదా సమానంగా పడదు. అంటే కావాలని చేసిందే. ఎవరు? ఫకీర్ మియా చేతుల్లోంచి లక్ష్ములు, సరస్వతులు, పోచమ్మలు ఇన్నేళ్లు గీటు పడకుండా వచ్చాయి. అది తక్కెడ ఒక పళ్లెంలో. ఇన్నేళ్లు లేని మాటలు ఇప్పుడు ఊళ్లలో పుడుతున్నాయి, మనుషులు మారుతున్నారు. అది ఇంకో పళ్లెంలో. పోనీ లిదియా చేసిందా? బేరమాడకుండా ఇచ్చి పోయింది, కానీ బొమ్మ చెడగొట్టి తెస్తే ఆమెకొచ్చేదేముంది. లేకపోతే బస్టాండు దగ్గర కొత్తగా పటాల దుకాణం పెట్టిన మొగులప్ప ఎవరి చేతనైనా చేయించాడా? హన్మయ్యే బేరం ఇష్టం లేక ఏదైనా చేశాడా? హన్మయ్య పటాన్ని ముట్టుకున్నది తన కళ్ల ముందే, అద్దం పైనుంచే. అతన్ని తీసేసింది. మొగులప్పకు కాగితం ఎక్కడిది? అతన్నీ తీసేసింది. తిరిగి తిరిగి ముల్లు ఒకచోటికే వచ్చి ఆగింది.

పటం విప్పి చూద్దామా అని ఒకసారి అనిపించింది. వెనుక కాగితం చింపాలి, మొలలు పీకాలి, పట్టీలు పగిలినా పగులుతాయి. హన్మయ్యను మళ్లీ ఒప్పించగలిగితే ఈ ఫ్రేములోనే ఇంకో బొమ్మ పెట్టి ఇవ్వొచ్చు, లేదా ఊరు చల్లబడ్డాక పల్లెటూరి ఆసామి ఎవరికైనా అమ్మొచ్చు. విప్పితే ఫ్రేము దండగ. అందుకని పటాన్ని గోడ వైపు తిప్పి పెట్టింది.

సాయంత్రం ఫకీర్ మియా ఇంటికి వెళ్లింది. అడగడానికి కాదు, చూడడానికి. గడపలో ఆమె నీడ పడగానే అతను చటుక్కున పక్కనున్న గోనెపట్టా లాగి, గోడకు ఆనించి ఉన్న వేటి మీదనో కప్పాడు. అమృతమ్మ చూసింది, చూడనట్టు ముక్కాలిపీట మీద కూర్చుంది. అతని భార్య రబియా బీ లోపలి నుంచి చాయ తెచ్చి ఇచ్చింది.

"హన్మయ్యకు నచ్చిందా పటం?" అన్నాడతను. గొంతులో తేడా ఏమీ లేదు. చేతిలో వజ్రపు కలం ఉంది.

"కండ్ల దగ్గర ఏదో ఉన్నదన్నడు."

"ఏమున్నది? అద్దం మీదనా, కాగితం మీదనా?"

"గది నువ్వే చెప్పాలె."

అతను కలం కింద పెట్టాడు. బజారులో మాట అతని చెవిదాకా అప్పటికి వచ్చిందో లేదో తెలియదు గాని, ఆ క్షణాన మాత్రం వచ్చేసింది. రబియా బీ గుమ్మంలోనే నిలబడిపోయింది.

"నేను అంచులు చూస్తక్కా," అన్నాడు ఫకీర్ మియా. "మూలకు మూల కుదిరిందా, అద్దం కింద దుమ్మున్నదా, గది చూస్త. నడుమ ఉన్నోళ్ల మొహాలు నేనెన్నడు చూడలె. గవి నీ దేవుండ్లు. చూసుడు నీ పని."

నిజం చెప్పేవాడు ముందు 'నేను చేయలేదు' అంటాడు, ఇతను అనలేదు. అమృతమ్మ ఆ మాటను తూచి పక్కన పెట్టుకుంది. గోనె కింద ఏమున్నాయని అడిగింది. అతను కిందికి చూసి "పని" అన్నాడు. ఏం పని అంటే గోనె అంచు ఇంకా కిందికి లాగాడు. ఇంకా కళ్లు పోయిన బొమ్మలు ఎన్ని ఉన్నాయో దాని కింద అనుకుంటూ, సగం చాయ వదిలేసి ఆమె లేచి వచ్చింది.

జాతర దగ్గర పడుతోంది. ప్రతి ఏడూ ఈపాటికి ఆమె పోచమ్మ బొమ్మల కట్టలు అతనింటికి చేరాలి. ఈసారి కట్టలు దుకాణంలోనే ఉండిపోయాయి. ఆమె వాటిని పంపలేదు, పంపనని చెప్పనూ లేదు. బజారులో వాళ్లకు అదే సరిపోయింది. అమృతమ్మే పంపడం లేదట, అంటే చూసే ఉంటుంది అన్నారు. పెళ్లి ఫోటోలు కట్టించుకునేవాళ్లు, దుకాణాల్లో తాతల ఫోటోలు పెట్టుకునేవాళ్లు ఒక్కొక్కరే బీదర్ బస్సెక్కే మనుషుల చేత అక్కడికి పంపించుకోవడం మొదలుపెట్టారు. ఒక పొద్దున ఫకీర్ మియా గుమ్మం పక్కన నిలబెట్టిన అద్దం పలకలు పగిలిపోయి కనిపించాయి. ఎవరు చేశారో ఎవరూ చూడలేదు. ఏదైనా ఎద్దు తగిలి ఉంటుందని పెద్దమనుషులు అన్నారు. ఆ సందులోకి ఎద్దులు రావు.

ఆ పొద్దునే రబియా బీ అమృతమ్మ దుకాణానికి వచ్చింది. ఎప్పుడూ పక్క దారిలోంచి లోపలికి వచ్చే మనిషి, ఆ రోజు కొనేవాళ్లు నిలబడే చోట నిలబడింది. చేతిలో ఫ్రేము పట్టీల కట్ట ఉంది.

"నీవి మిగిలినయి. తీస్కో. మేం బీదర్ పోతున్నం, నా తమ్ముని కాడికి. అద్దాలు గడ్డిల చుడుతుండు ఆయన."

అమృతమ్మ పట్టీలు తీసుకోలేదు, వద్దనీ అనలేదు. రబియా బీ వాటిని బల్ల మీద పెట్టింది.

"గోనె కింద ఏమున్నదని అడిగినవు కద. మొగులప్ప పటాలు. నీకు తెలిస్తె కోపం చేస్తవని దాచిండు. గంతే ఆయన చేసిన దొంగతనం. చెప్తె ఇజ్జత్ పోతదని నీకు చెప్పలె. ఇప్పుడు పోయిన ఇజ్జత్ ముందల గదెంత."

ఆమె వెళ్లిపోయింది. అమృతమ్మకు ముందుగా కోపమే వచ్చింది, మొగులప్ప పని పట్టుకున్నాడా అని. ఆ కోపం ఎంతోసేపు నిలవలేదు. గోనె కింద తాను ఊహించుకున్నది అబద్ధమైతే, ఊహించుకున్నవాటిలో ఇంకేది అబద్ధమో చూడాలి కదా. తక్కెడలో ఒక రాయి తప్పని తేలాక మొత్తం మళ్లీ తూచకపోతే అది వ్యాపారం కాదు. దుకాణం మూసి కంగ్టి రోడ్డు పట్టింది.

లిదియా వాకిట్లో కందిపప్పు చెరుగుతోంది. అమృతమ్మ కూర్చోకుండానే, ఆ మొసలి మీది ఆమె బొమ్మ ఇచ్చేటప్పుడు బాగుండెనా, పాడై ఉండెనా అని అడిగింది.

"పాడంటె?"

"కండ్లు."

"కండ్లా? గవి మొదటి నుంచి గట్లనే ఉన్నయి కదక్కా," అంది లిదియా, చేట ఆపకుండా.

అమృతమ్మ అక్కడే అరుగు మీద కూర్చుండిపోయింది. లిదియా చెప్పినదాన్ని బట్టి, అవి కాగితం మీద గీసిన బొమ్మలు కావు. సిస్టరమ్మ దేశంలో గుళ్లలో బలిపీఠం వెనుక చెక్క పలకలుంటాయి, బీరువాకున్నట్టు రెక్కలుంటాయి, మామూలు రోజుల్లో మూసి పండుగనాడు తెరుస్తారు. ఆ పలకల మీద ఎప్పుడో అయిదొందల ఏళ్ల కిందట గీసిన పునీతులు వీళ్లు, క్రీస్తు కోసం ప్రాణాలిచ్చినవాళ్లు. వాటిని ఫోటో తీసి క్యాలెండర్లు వేస్తారు. మొసలి మీది ఆమె పేరు మార్గరీత. అది మొసలి కాదు, సైతాను. ఆమెను మింగితే పొట్ట చీల్చుకుని బయటికి వచ్చిందట. ఆ తర్వాత రాజు ఆమె తల నరికించాడు. పటకారు పట్టుకున్నామెకు పళ్లు పీకారు, చక్రం పక్కనున్నామెను ఆ చక్రానికే కట్టి చంపబోయారు.

"అంటె చేతులల్ల పట్టుకున్నవి వాళ్ల ఆయుధాలు కావా?"

"కావు. వాళ్లను బాధ పెట్టినవి."

అమృతమ్మ ఎన్నో దేవుళ్లను అమ్మింది. చక్రం పట్టినవాడు చక్రంతో కొడతాడు, శూలం పట్టినామె శూలంతో పొడుస్తుంది. తనను చంపినదాన్ని చేత పట్టుకుని అందరికీ చూపిస్తూ నిలబడేవాళ్లను ఆమె చూడలేదు. ఇది ఆమె తేల్చుకున్న లెక్కలో ఎక్కడా ఇమడలేదు. దాన్ని అలా ఉంచి, వచ్చిన పని అడిగింది.

"మరి కండ్లు ఎవరు గీకిన్రు?"

"నేను గదే అడిగిన సిస్టరమ్మను. ఒకప్పుడు ఆ దేశంల గొడవలైనయట. గుళ్లె బొమ్మలు ఉండొద్దని కొందరు కత్తులు పట్టుకొని లోపలికి పోయి, దొరికినన్ని బొమ్మల కండ్లు గీకిన్రట. ఎన్నో బాగు చేసిన్రు, గీ ఒక్కటి గట్లనే ఉంచిన్రు."

"ఎవరు వాళ్లు? తురకలా?"

లిదియా చేట కింద పెట్టి ఆమె మొహంలోకి చూసింది.

"కాదక్కా. వాళ్లోళ్లే. నిన్నటిదాంక గా గుళ్లెనే మోకాళ్ల మీద కూసున్నోళ్లు."

తిరిగి వచ్చే దారంతా అమృతమ్మ లిదియా మాటను నమ్మలేదు. నమ్మడం ఆమెకు అలవాటు లేదు. ఫకీర్ మియాను కాపాడడానికి లిదియాకు ఏం లాభం అని ఆలోచించింది, ఏదీ దొరకలేదు. దొరకకపోవడం కూడా అనుమానంగానే ఉంది. చివరికి దుకాణం తెరిచి, గోడకు తిప్పి పెట్టిన పటాన్ని ఒళ్లో బోర్లించుకుని, వెనుక కాగితం చింపింది. మొలలు పీకింది. ఒక పట్టీ మూల దగ్గర చీలింది. చీలితే చీలిందని కాగితం బయటికి లాగింది.

నున్నటి కాగితాన్ని కత్తితో గీకితే నూగు లేస్తుంది, గోరుకు తగులుతుంది. పసుపు కుంకుమ పొట్లాలు కట్టే చేతులకు కాగితం సంగతి ఎవరూ నేర్పనక్కరలేదు. చూపుడువేలి గోరు అమ్మ నుదుటి మీద పెట్టి కళ్ల మీదుగా కిందికి లాగింది. మళ్లీ లాగింది. గోరు గాజు మీద జారినట్టు జారింది. గీతలు కాగితం మీద లేవు, అచ్చులో ఉన్నాయి.

ఈ పని ఆ పొద్దునే, హన్మయ్య వంగి నిలబడి ఉన్నప్పుడే చేయగలిగేది. ఒక్క ఫ్రేము దండగయ్యేది.

ముందు హన్మయ్య దగ్గరికి వెళ్లింది. అడ్తి తెరిచాడు. గద్దె వెనుక బీదర్ నుంచి తెప్పించిన లక్ష్మి పటం ఉంది, హమాలీలు, రైతులు కూర్చుని ఉన్నారు. వాళ్లందరి ముందు కాగితం అతని ఒళ్లో పెట్టి గోరుతో గీసి చూడమంది. అతను చూశాడు. పక్కన కూర్చున్న రైతు కూడా గీసి చూశాడు. అచ్చులనే ఉన్నది అన్నారు. ఎంతమందికి ఆ మాట చెప్పావో అంతమందికీ ఇది చెప్పమంది అమృతమ్మ.

హన్మయ్య కాగితం తిరిగి ఇస్తూ నెమ్మదిగానే అన్నాడు. "నేను ఎవరికి ఏం చెప్పలె అమృతమ్మా. ఎవరు కట్టిన్రని అడిగిన. పేరు చెప్పింది నువ్వు. పని బంద్ చేసింది నువ్వు. ఊరు నిన్ను చూసింది."

ఆ మాటలో తప్పు వెతికింది, దొరకలేదు. బేరం వదులుకుని బయటికి నడిచింది.

ఫకీర్ మియా ఇంట్లో గది సగం ఖాళీ అయింది. మిగిలిన అద్దాలను అతను గడ్డి పరిచిన పెట్టెలో నిలువుగా పేరుస్తున్నాడు. అమృతమ్మ కాగితం చాపి, గోరుతో గీసి చూడమంది. అతను చేతులు దులుపుకుని తీసుకున్నాడు గాని గీయలేదు. మొదటిసారి ఆ బొమ్మ మొహం చూశాడు. చాలాసేపు చూశాడు. లిదియా చెప్పినదంతా ఆమె చెప్పింది, మాటలు తొట్రుపడుతూ. హన్మయ్య దగ్గర నలుగురి ముందు చూపించి వచ్చానని కూడా చెప్పింది.

"గా దినం హన్మయ్య ఎవరు కట్టిన్రని అడిగితె నా పేరు చెప్పినవు," అన్నాడతను.

"చెప్పిన."

"ఇంకేమన్న చెప్పినవా?"

"లేదు మియా. నీ పేరు ఒక్కటే. ఒట్టు."

"గదే అంటున్న. పేరు ఒక్కటే చెప్పినవు. ఇంకో మాట చెప్పేది ఉండె, మియా గట్ల చెయ్యడని. నువ్వు తప్ప చెప్పెటోళ్లు ఎవరున్నరు."

మొగులప్ప పని ఎంతైనా చేసుకో, నా కోపం లేదు, పోవద్దు మాత్రం, అంది అమృతమ్మ. జాతర కట్టలు ఈ రాత్రికే పంపిస్తానంది. రబియా బీ లోపలి గుమ్మంలో నుంచి నక్కో అంటూ భర్తకు అడ్డం చెప్పింది. ఇక్కడ ఇగ వద్దు, ఇవాళ అద్దాలు పగిలినయి, రేపు ఏం పగులుతదో అంది. ఫకీర్ మియా పెట్టెలోని అద్దాలను, చేతిలోని కాగితాన్ని మార్చి మార్చి చూశాడు. బీదర్‌లో బామ్మర్ది నీడన బతకడం ఎలా ఉంటుందో అతనికీ తెలుసు, ఆమెకూ తెలుసు. అతను ఆ లెక్కే వేస్తున్నాడని అమృతమ్మకు అర్థమైంది. వేయనిచ్చింది.

"పని చేస్త," అన్నాడు. "ఒక షరతు మీద. ఇగ మీద కట్టలు పంపుడు లేదు. నువ్వే రావాలె. ఇచ్చేటప్పుడు చూడాలె, తీస్కపొయ్యేటప్పుడు చూడాలె. సందుల నిలబడి, నలుగురు వినేటట్టు చెప్పాలె. ఒక్క పటం తప్పినా నేను బీదర్ బస్సెక్కుత."

ఆమె ఒప్పుకుంది.

మర్నాడు పోచమ్మ బొమ్మల కట్టలు నెత్తిన పెట్టుకుని ఆమే వెళ్లింది. అన్నీ మునుపటిలా కుదుటపడలేదు. పెళ్లి ఫోటోలవాళ్లు కొందరు తిరిగి వచ్చారు, కొందరు బీదర్‌కే అలవాటు పడ్డారు. దుకాణానికి వచ్చి గల్లా పక్కన కూర్చుని చాయ తాగే అలవాటు ఫకీర్ మియా మానేశాడు. రబియా బీ ఆమెను చూస్తే లోపలికి వెళ్లిపోతుంది. ఇన్నేళ్లు చూసుకోకుండా నడిచిన ఇచ్చిపుచ్చుకోవడం ఇప్పుడు ప్రతి కాగితం దగ్గరా ఆగి ఆగి నడుస్తోంది.

జాతర ముందు పటాలు తీసుకుపోయే రోజు సందులో నీళ్లకు పోయే ఆడవాళ్లు, సైకిలు మీద వెళ్లేవాళ్లు ఆగి చూశారు. ఫకీర్ మియా గడప బయట మోకాళ్ల మీద కూర్చుని, చుట్టిన పేపరు తీసేసి, మొదటి పటాన్ని ఎండకు ఎత్తి పట్టుకున్నాడు. తాను దాని వైపు చూడలేదు, ఆమె వైపే చూస్తున్నాడు.

"కండ్లున్నయా?"

అమృతమ్మ కొంగుతో అద్దం తుడిచి, వంగి, ఒక కన్ను చూసి, రెండో కన్ను చూసింది.

"ఉన్నయ్," అంది, సందు చివరిదాకా వినబడేటట్టు.

అతను దాన్ని పక్కన పెట్టి రెండో పటం తీశాడు.